చెయ్యి కదిలితే చాలు... స్వరం పలుకుతుంది!

గిన్నెలు తోమేటప్పుడు చేతులు పాడవకుండా కొందరు రబ్బరు గ్లవ్స్ వేసుకుంటారు. ఏ ఫ్యాన్సీ షాపులో అడిగినా దొరుకుతాయి. 'వీటితో ఇంకేం చెయ్యొచ్చు?' అని అడిగితే బాత్రూమ్ కడగొచ్చనో, పచ్చిమిరపకాయలు తరగొచ్చనో చెబుతాం. లెటీషియా సొనామీ మాత్రం వాటితో ఏకంగా కచేరీయే చేసింది!

ఫ్రాన్స్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ సంగీతకారిణి ఆవిడ. 1991లో ఒక జత వంటింటి గ్లవ్స్ తీసుకుని, ఎడమ చేతి తొడుగు వేళ్ల కొసలకు అయిదు చిన్న సెన్సర్లు అతికించింది. కుడి చేతికి ఒక అయస్కాంతం పెట్టుకుంది. అయస్కాంతం ఏ వేలికి ఎంత దగ్గరగా వస్తే ఆ వేలి సెన్సర్లో వోల్టేజి అంతగా మారుతుంది. ఆ మార్పును ఒక సర్క్యూట్ బోర్డు అంకెలుగా మార్చి సింథసైజర్‌కి పంపుతుంది. అది పలుకుతుంది! ఆ రోజుల్లో కంప్యూటర్ తొడుగులంటే మగవాళ్ల సైన్సు సినిమాల వ్యవహారంలా ఉండేది. దాన్ని కాస్త ఆటపట్టించాలనే సొనామీ వంటింటి గ్లవ్స్ ఎంచుకుంది. పేరు కూడా 'లేడీస్ గ్లవ్' అనే పెట్టింది. వేళాకోళంగా మొదలైన ఆ తొడుగును తర్వాత సన్నని లైక్రా బట్టతో మళ్లీ మళ్లీ మెరుగుపరుచుకుంటూ ఏళ్ల తరబడి దేశదేశాల్లో కచేరీలు చేసింది.

వినడానికి వింతగా ఉన్నా, ఇందులో మనలాంటివాళ్లం ఆలోచించాల్సిన మాట ఒకటుంది. చిన్నప్పుడు వీణో, వయొలినో నేర్చుకుని తర్వాత అటకెక్కించినవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు! కొందరికి తీరిక లేక ఆగిపోయింది. కొందరికి వేళ్ల కీళ్లు పట్టేసో, భుజం లేవకో, పక్షవాతం వచ్చో ఆగిపోయింది. 'ఈ చెయ్యి ఇక వీణకు పనికిరాదు' అనగానే సంగీతం కూడా అయిపోయిందనుకుంటాం. అదెలా కుదురుతుంది? వీణకు పనికిరాని చెయ్యి అన్నిటికీ పనికిరానిది కాదుగా! ఆ చెయ్యి ఎంత కదలగలదో చూసి, ఆ కదలికకు తగ్గ వాద్యాన్నే తయారు చేసుకుంటే? ఇది ఇంట్లో కూర్చుని చేసుకోగలిగిన పనే. కుప్పంలో మా ఇంట్లో చేశాం కాబట్టే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

తాకకుండానే పలికే వాద్యం

నిజానికి ఈ దారి కొత్తదేమీ కాదు. 1920 ప్రాంతంలో రష్యాలో లెవ్ తెర్మెన్ అనే శాస్త్రవేత్త ఒక పెట్టె తయారు చేశాడు. దానికి నిలువుగా ఒక లోహపు కడ్డీ, పక్కన వంకీ తిరిగిన కడ్డీ ఇంకొకటి. వాయించేవాళ్లు దేన్నీ ముట్టుకోరు. ఒక చెయ్యి నిలువు కడ్డీకి దగ్గరైతే స్వరం పైకి వెళుతుంది, దూరమైతే దిగుతుంది. రెండో చెయ్యి వంకీ కడ్డీ మీద లేస్తే ధ్వని పెరుగుతుంది, దిగితే తగ్గుతుంది. మన ఒంటికి కూడా విద్యుత్తును కొంత పట్టి ఉంచే గుణం ఉంది. అందుకే చెయ్యి దగ్గరికి వస్తే చాలు, పెట్టెలోని సర్క్యూట్ కంపనం మారిపోతుంది. ఆ వాద్యం పేరు థెరెమిన్. 1928లో దానికి అమెరికా పేటెంట్ కూడా వచ్చింది.

దానికి గౌరవం తెచ్చింది మాత్రం ఒక స్త్రీ. పేరు క్లారా రాక్‌మోర్. 1911లో విల్నియస్‌లో పుట్టింది. వయొలిన్‌లో బాలమేధావి అనిపించుకుని, పసితనంలోనే రష్యాలో పేరుమోసిన సంగీత కళాశాలలో చేరింది. తీరా వయసు వచ్చేసరికి చేతి జబ్బు చేసి వయొలిన్ వదిలేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆవిడ థెరెమిన్ చేపట్టింది. అందులోనూ ఉన్నదానితో సరిపెట్టుకోలేదు. మూడు స్థాయిలు చాలవు, అయిదు కావాలంది. చెయ్యి ఎంత వేగంగా కదిలితే స్వరమూ అంత వేగంగా తెగాలంది. తెర్మెన్ చేత తనకు కావలసినట్టు వాద్యాన్ని మార్పించుకుంది. గాలిలోనే వేళ్లకు స్థానాలు ఏర్పరుచుకుని, పెద్ద పెద్ద వేదికల మీద శాస్త్రీయ సంగీతం వినిపించింది. 1998లో కన్నుమూసే నాటికి థెరెమిన్ అంటే క్లారా, క్లారా అంటే థెరెమిన్!

గమనించారా? చెయ్యి మొరాయించింది. ఆవిడ వాద్యాన్ని మార్చుకుంది.

కదలిక అంకెగా మారేది ఇలా...

థెరెమిన్‌లో చేతికీ ధ్వనికీ మధ్య అంకెలు లేవు. ఇప్పటి వాద్యాల్లో ఉన్నాయి. తేడా అంతా అక్కడే. దీన్ని మన ఇంటి భాషలో చెప్పుకుందాం. రోట్లో పిండి రుబ్బేటప్పుడు పిండి నలిగేది మన చేతి బలంతోనే. అదే మిక్సీలో? మనం తిప్పేది మర ఒక్కటే. 'ఇంత వేగం కావాలి' అని చెప్పడం వరకే మన చేతి పని. బలమంతా మోటారుది. వీణ రోలు లాంటిది. తీగ, మెట్టు, వేలు మూడూ కలిస్తేనే నాదం. సెన్సర్ వాద్యం మిక్సీ లాంటిది. చెయ్యి సంగతి చెబుతుంది, ధ్వనిని ఇంకొకటి పుట్టిస్తుంది. ఏ కదలికకు ఏ ధ్వని అన్నది మన ఇష్టం.

సెన్సర్ అనగానే భయపడక్కర్లేదు. మన ఇంటి నిండా అవే. పాత రేడియోలో ధ్వని పెంచే మర ఉంటుందే, అది ఎంత తిరిగిందో విద్యుత్తుకు తెలియజేస్తుంది. చీకటి పడగానే తమంతట తామే వెలిగే లైట్లలో వెలుతురు గుర్తించే సెన్సర్ ఉంటుంది. ఫోను అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా తిరుగుతుంది చూశారా? లోపల వంపు తెలుసుకునే సెన్సర్ ఉంది. ఇక గ్యాస్ లైటర్ సంగతి. టక్కుమని నొక్కితే లోపలి స్ఫటికం మీద దెబ్బ పడి విద్యుత్తు పుడుతుంది, నిప్పురవ్వ ఎగురుతుంది. ఆ గుణాన్నే పీజో అంటారు. పాటలు పాడే గ్రీటింగు కార్డుల్లో కనిపించే ఇత్తడి బిళ్ల కూడా పీజోయే. దాని మీద వేలితో కొడితే చిన్న వోల్టేజి పుడుతుంది. ఎంత గట్టిగా కొడితే అంత ఎక్కువ. అంటే బిళ్ల ఒకటి దొరికితే మృదంగం మొదలెట్టొచ్చన్నమాట!

సెన్సర్ ఇచ్చే ఈ హెచ్చుతగ్గుల్ని అంకెలుగా మార్చే మధ్యవర్తే కంట్రోలర్. వెనకట అవి పెద్ద పెద్ద స్టూడియోల సొత్తు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టైమ్ అనే సంస్థలో మిషెల్ వైస్విస్ 1984లో రెండు చేతులకూ తగిలించుకునే సెన్సర్ల వాద్యం తయారు చేసుకున్నాడు. అంతకు ముందు ఏడాదే, 1983లో, వేర్వేరు కంపెనీల సంగీత యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేందుకు 'మిడి' అనే ఉమ్మడి భాష వచ్చింది. ఏ స్వరం, ఎంత గట్టిగా అన్నవి అందులో 0 నుంచి 127 దాకా అంకెల్లో చెబుతారు. ఇటలీలో 2005లో విద్యార్థుల కోసమని ఆర్డుయినో అనే చవక బోర్డు పుట్టాక ఈ విద్య ఇళ్లలోకి వచ్చేసింది. అరచేతిలో ఇమిడే ఆర్డుయినో ఉనో బోర్డుకు సెన్సర్లు తగిలించుకోవడానికి ఆరు ప్రత్యేకమైన పిన్నులుంటాయి. ఒక్కో పిన్నుకు వచ్చే వోల్టేజిని అది 0 నుంచి 1023 వరకు అంకెగా చెబుతుంది. సున్నా వోల్టులైతే 0, అయిదు వోల్టులైతే 1023. ఇంతే సైన్సు!

తువ్వాలు కింద సప్తస్వరాలు

మా మేనత్త మదనపల్లెలో ఏళ్ల తరబడి ఇంట్లోనే వీణ పాఠాలు చెప్పింది. మూడేళ్ల క్రితం పక్షవాతం వచ్చింది. మాట పోలేదు, కుడి చెయ్యి బాగుంది. ఎడమ చెయ్యి మాత్రం దెబ్బ తినింది. మోచెయ్యి కదులుతుంది, మణికట్టు కాస్త లేస్తుంది, వేళ్లు మాత్రం తీగను నొక్కలేవు. వీణ తెలిసినవాళ్లకు నేను చెప్పేదేముంది... మీటేది కుడి చెయ్యే అయినా, ఇరవై నాలుగు మెట్ల మీద స్వరాన్ని పలికించేదీ, తీగను లాగి గమకం తీసేదీ ఎడమ చెయ్యే. 'ఊరికే పెట్టుకుంటే పాడైపోతుంది, ఎవరికైనా ఇచ్చేయండి' అని చుట్టాలు సలహా ఇచ్చారు. అత్త ఏమీ అనలేదు. మా ఇంటికి తెచ్చుకున్నాక కూడా ఆ వీణ వైపు చూసేది కాదు.

ఫిజియోథెరపీ చేయించే ఆవిడ ఒక అభ్యాసం నేర్పించింది. టేబుల్ మీద తువ్వాలు పరిచి, ఎడమ చెయ్యి దాని మీద పెట్టి అటూ ఇటూ జరపాలి. టేబుల్ తుడిచినట్టన్నమాట. రోజూ రెండు పూటలా. అత్తకు అదంటే మహా విసుగు. 'ఎన్నిసార్లు తుడిచేదే ఈ టేబులు? ఇప్పటికే అద్దం మాదిరి అయిపాయె!' అనేది.

నేను పెళ్లికి ముందు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాను. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి కంప్యూటర్ ప్రోగ్రాములంటే సరదా. ఒకరోజు అత్త తువ్వాలు జరుపుతుంటే మా అమ్మాయి అంది, 'అమ్మా, అవ్వ చెయ్యి వీణ మీద పోయినట్టే పోతోంది కదా!' నిజమే. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి. వీణ దండి మీదా చెయ్యి తిరిగేది అలాగే, కుడి వైపు పోయేకొద్దీ స్వరం పెరుగుతుంది. ఆ జరగడాన్నే కొలిస్తే సరిపోదా అనిపించింది.

కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉంది. ఉదయం రైలెక్కితే బెంగుళూరు ఎస్పీ రోడ్డుకి వెళ్లి సామాన్లు తెచ్చుకుని చీకటి పడేలోపు ఇంటికి రావొచ్చు. మీ ఊరికి ఆ వసతి లేకపోతే పోస్టులో తెప్పించుకోవచ్చు.

కావలసినవి: ఆర్డుయినో ఉనో బోర్డు - 1, దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ - 1, వంపు తెలిపే సెన్సర్ - 1, పీజో బిళ్ల - 1, ఒక మెగా ఓమ్ రెసిస్టర్ - 1, కలిపే వైర్లు, చెక్క పలక, పాత వీణ తీగలు రెండు, అట్ట ముక్క, మణికట్టుకి కట్టుకునే పట్టీ, తువ్వాలు, పాత ల్యాప్‌టాప్. ఇందులో బోర్డు ఒక్కటే కాస్త ఖరీదు. పీజో బిళ్లయితే కప్పు కాఫీ ధర కూడా ఉండదు.

చేసే విధానం: అల్ట్రాసోనిక్ సెన్సర్‌ను టేబుల్‌కి ఎడమ చివర నిలబెట్టాలి. ఇది చీకట్లో గబ్బిలం దారి చూసుకున్నట్టే పనిచేస్తుంది. మన చెవికి వినపడని శబ్దాన్ని పంపి, అది దేనికైనా తగిలి తిరిగి వచ్చేందుకు పట్టిన సమయాన్ని బట్టి దూరం చెబుతుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి లెక్క తేలికే. అయితే మెత్తటి బట్ట ఆ శబ్దాన్ని మింగేస్తుంది. అందుకని చీర కొంగు, జాకెట్టు చెయ్యి అడ్డం రాకుండా మణికట్టు పట్టీకి నిలువుగా ఒక అట్ట ముక్క అతికించాలి. వంపు సెన్సర్ కూడా ఆ పట్టీలోనే. కుడి చేతి వైపు పలక మీద రెండు తీగలు బిగించి, పలక అడుగున పీజో బిళ్ల అతికించాలి. రెసిస్టర్‌ను బిళ్ల రెండు వైర్ల మధ్యా కలపాలి. లేకపోతే విద్యుత్తు దిగిపోకుండా ఉండిపోయి అంకెలు గజిబిజి అవుతాయి.

ఇక ధ్వని. బోర్డు నుంచి అంకెలు యూఎస్‌బీ వైరు ద్వారా ల్యాప్‌టాప్‌కి వెళతాయి. అక్కడ ప్యూర్ డేటా అనే ప్రోగ్రాము వాటిని నాదంగా మారుస్తుంది. అది ఉచితం. మీటిన తీగలాంటి ధ్వనిని లెక్కలతో పుట్టించే చిట్కా ఒకటి కార్‌ప్లస్, స్ట్రాంగ్ అనే ఇద్దరు 1983లో చెప్పారు. చిన్న శబ్దపు తునకను తీసుకుని తిప్పి తిప్పి, తిప్పినప్పుడల్లా కొంచెం మెత్తబరుస్తూ పోవడమే. మేం దాన్నే వాడాం. తీగ మీటితే పీజో 'ఇప్పుడు, ఇంత గట్టిగా' అని చెబుతుంది. ఎడమ చెయ్యి ఉన్న దూరం 'ఈ స్వరం' అని చెబుతుంది.

కొలతలిచ్చి కుట్టించుకున్నట్టు

మొదట మోహన రాగం పెట్టుకున్నాం. స రి గ ప ద, పై స... ఆరు గళ్లు చాలు. ఒక్కో గడి ఎనిమిది సెంటీమీటర్లు, మొత్తం నలభై ఎనిమిది. అత్త చెయ్యి బాగా సాగిన రోజు అంత దూరమూ పోతుంది. ఒళ్లు బాగాలేని రోజు ముప్ఫై ఆరు దాటదు. ఆ రోజు ప్రోగ్రాములో ఎనిమిది బదులు ఆరు అని మారుస్తాం. అంతే, రాగమంతా ముప్ఫై ఆరు సెంటీమీటర్లలో సర్దుకుంటుంది!

రెడీమేడ్ జాకెట్టు కొంటే ఒకరికి బిగుతు, ఒకరికి వదులు. ఒళ్లు మారితే అది పనికిరాదు. టైలరుకు కొలతలిచ్చి, లోపల కాస్త బట్ట వదిలి కుట్టించుకుంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పుకోవచ్చు. సెన్సర్ వాద్యంలో నాకు నచ్చిన గుణం అదే. ఏ వీణైనా ఒక అంకె మారిస్తే పొట్టిదవుతుందా?

గమకం దగ్గరే పేచీ

ఇదంతా విని అత్త మురిసిపోయిందనుకుంటున్నారా? అబ్బే! ఆరు స్వరాలూ ఒకసారి పలికించి, 'ఏందే ఇది, హార్మోనియం మాదిరి ఉంది. స్వరం నిలబడింది గానీ ఊగడం లేదే' అంది.

ఆవిడ పట్టుకున్నది అసలు లోపం. ఇది మా ఒక్కరి ఇంటి సమస్య కాదు, అంకెల సంగీతం మొత్తానికీ ఉన్నదే. మిడి భాషలో స్వరానికి ఒక అంకె, పక్క స్వరానికి ఇంకో అంకె. మధ్యలో ఏమీ లేదు. మన సంగీతం బతికేది ఆ మధ్యలోనే. స్వరాన్ని వంచడానికి మిడిలో వేరే ఏర్పాటు లేకపోలేదు. అందులో 16,384 మెట్లున్నాయి కూడా. కానీ ఆ వంపును నడిపించే చెయ్యి కావాలిగా?

కాగితం మీద రాసే స్వరాలకూ ఇదే ఇబ్బంది ఉంది. అత్త ఊరు మదనపల్లెకు ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో బస చేసినప్పుడు 'జనగణమన' పాడి వినిపించారు. దాన్ని ఆంగ్లంలోకి అనువదించిందీ అక్కడే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాసిపెట్టింది. ఐర్లండ్ నుంచి వచ్చిన ఆవిడ సంగీతంలో పట్టభద్రురాలు. తర్వాత 1927లో అఖిల భారత మహిళా సభ పుట్టుకకు ముఖ్య కారకురాలైందీ ఆవిడే. పాటను అలా రాసి పెట్టడం వల్ల అది నలుగురికీ ఒకే తీరుగా అందుతుంది. కానీ ఏ రాతలోనైనా గొంతులోని జారు, ఊపు పూర్తిగా ఒదగవు. సంగీతం డేటాగా మారినప్పుడల్లా కొంత చేతికి వస్తుంది, కొంత జారిపోతుంది. జారిపోయేది ఏమిటో చెప్పగలిగేది సంగీతం తెలిసిన చెవి. ప్రోగ్రాము రాసేవాళ్లకు అది తెలియదు. అత్త మాకు పనికొచ్చింది అందుకే.

మణికట్టు కాస్త లేస్తుందన్నానుగా, ఆ వంపు సెన్సర్‌ను గమకానికి అప్పగించాం. చెయ్యి గడిలో నిలిచి ఉండగా మణికట్టు ఎంత లేస్తే స్వరం అంత పైకి వంగుతుంది, దించితే వెనక్కి వస్తుంది. తీగను లాగడం లాంటిదే, కాకపోతే లాగుడు పక్కకు కాదు, పైకి. ఇక్కడ ఇంకో తిరకాసు. సెన్సర్ అంకెలు ఎప్పుడూ కొంచెం వణుకుతాయి. అత్త చెయ్యీ వణుకుతుంది. రెండూ కలిస్తే స్వరం గజగజ. టీ వడకట్టినట్టు అంకెల్ని వడకట్టాలి, అంటే వరసగా వచ్చిన నాలుగైదు అంకెల సగటు తీసుకోవాలి. ఎక్కువ వడకడితే నున్నగా ఉంటుంది, కానీ స్వరం ఆలస్యంగా వస్తుంది. తక్కువ వడకడితే వెంటనే వస్తుంది, కానీ వణుకుతుంది. ఎక్కడ ఆపాలన్నది అత్త చెవికే వదిలేశాం. 'ఊ... ఇంకొంచెం... చాలు!' మేం కూరలో ఉప్పు చూసినట్టు అంకెలు మార్చుకుంటూ పోయాం.

ఫలితం ఏమిటంటారా? మోహన బాగా పలుకుతోంది. గమకాలు నెమ్మదిగా నడిచేచోట ఇబ్బంది లేదు. తోడి మాత్రం కుదరలేదు. తోడి గాంధారానికి కావలసిన ఊపు ఆ మణికట్టుకు లేదు. సెకనుకు పదిహేను పదహారు సార్లు మాత్రమే దూరం చెప్పే ఆ చవక సెన్సర్‌కి వేగమూ లేదు. వీణకు ఇది సాటి అని నేను అనను. అత్త అసలే అనదు. ఇది వైద్యం అని కూడా అనను, ఆ మాట చెప్పాల్సింది డాక్టర్లు. కానీ ఇరవై నిమిషాలకు విసుక్కునే మనిషి గంట సేపు టేబుల్ దగ్గర కూర్చుంటోంది. 'టేబులు తుడిచేది' పోయి 'సాధకం' వచ్చింది. ఇప్పుడు పక్క వీధి పిల్లలు ఇద్దరు వీణ నేర్చుకోవడానికి వస్తున్నారు. అటక మీది వీణ దింపి వాళ్ల ఒళ్లో పెట్టింది. గమకం ఎలా ఉండాలో నోటితో పాడి చెబుతుంది, స్వరస్థానాలు తన టేబుల్ మీద పలికించి చూపుతుంది.

మనకు కొత్త కాదు

ఎలక్ట్రానిక్ సంగీతం మన దేశంలో నిన్న మొన్నటిది అనుకునేవాళ్లకు ఒక మాట. 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో ఒక స్టూడియో ఏర్పడింది. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి దాన్ని నెలకొల్పడంలో తోడ్పడ్డాడు. దాని వెనక ఉన్నవారిలో గీతా సారాభాయ్ ఒకరు. ఆడవాళ్లు పఖావజ్ ముట్టని రోజుల్లో పఖావజ్ నేర్చిన ఆవిడ, ఆ స్టూడియోలో స్వయంగా ధ్వనిరచనలు కూడా చేసింది. సంగీతం నేర్చుకునే ఇళ్లలో ఇప్పుడు మామూలైపోయిన ఎలక్ట్రానిక్ తంబురా బెంగుళూరులో జి. రాజ్‌నారాయణ్ అనే ఇంజినీరు చేతిలో 1979లో రూపుదిద్దుకుంది. మన పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ పాశ్చాత్యుల ఎలక్ట్రిక్ మాండలిన్‌కి అయిదు తీగలు పెట్టుకుని, గమకాలు పలికించి చూపలేదూ? వాద్యాన్ని మన సంగీతానికి వంచుకోవడం మనకు అలవాటైన పనే.

పూర్తిగా కదలలేనివాళ్ల కోసం కూడా దారి ఉంది. అమెరికన్ సంగీతకారిణి పాలిన్ ఒలివెరోస్ 2007లో కొందరితో కలిసి ఒక ప్రోగ్రాము తెచ్చింది. దానికి సెన్సర్ ఏదీ కొనక్కర్లేదు. కంప్యూటర్ కెమెరా ముందు తల ఊపినా, కనురెప్ప దగ్గర చిన్న కదలిక ఉన్నా పట్టుకుని ధ్వనిగా మారుస్తుంది. అవయవాల మీద అదుపు లేని పిల్లలు నలుగురితో కలిసి వాయించగలగాలన్నదే ఆవిడ ఉద్దేశం. ఆమీ అనే ఆ ప్రోగ్రామును ఉచితంగానే ఇస్తున్నారు.

మా కుప్పం దగ్గర గుడుపల్లెలో అగస్త్య ఫౌండేషన్ వారి సైన్సు ప్రాంగణం ఉంది. 1999లో మొదలైన ఆ సంస్థ సైన్సును చేతులతో చేసి నేర్పిస్తుంది. వ్యాన్లలో ప్రయోగశాలలు పెట్టుకుని పల్లె బడులకు వెళుతుంది. అలాంటి ప్రయోగాలు చూసి వచ్చిన పిల్లలు ఇంట్లో వైర్లు ముందేసుకుని కూర్చుంటే కసురుకోకండి. వాళ్ల పక్కన కూర్చుని 'ఇది పలుకుతుందా?' అని అడగండి. సంగీతం మీకు తెలుసు, సర్క్యూట్ వాళ్లకు తెలుసు. ఇద్దరూ కలిస్తేనే ఇలాంటి వాద్యం పుడుతుంది.

మొదలుపెట్టే ముందు

* గోడ ప్లగ్గు కరెంటుతో ఎప్పుడూ ప్రయోగాలు వద్దు. బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్ నుంచి వచ్చే అయిదు వోల్టులు చాలు. ఛార్జింగు పెట్టి ఉండగా వైర్లు కదపకండి.

* తడి చేతులతో బోర్డు ముట్టుకోకండి. వంట పని అయ్యాకే కూర్చోండి.

* ముందు వాద్యం గురించి కాదు, చెయ్యి గురించి ఆలోచించండి. ఏ కదలిక నొప్పి లేకుండా, పదిసార్లు చేసినా అలసట లేకుండా వస్తుందో చూసి దానికే సెన్సర్ పెట్టండి. జబ్బు చేసినవాళ్లయితే డాక్టరునో, ఫిజియోథెరపిస్టునో అడిగాకే.

* ఒకేసారి మూడు సెన్సర్లు వద్దు. వెలుతురు సెన్సర్ ఒకటి, పదివేల ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి బోర్డుకు కలపండి. కిటికీ దగ్గర పెట్టి దాని మీద చెయ్యి అడ్డం పెడుతూ, తీస్తూ తెర మీద అంకెలు ఎలా మారుతున్నాయో చూడండి. వెలుతురు ఎంతుంటే ఎంత, నీడలో ఎంత అన్నది కాగితం మీద రాసుకోండి. ఆ రెండు అంకెల మధ్యే మీ స వుంటుంది, పై స వుంటుంది. తక్కిన స్వరాలను మధ్యలో సర్దుకోవడం సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఒక పూట పని!